ఎత్తు గడిలో రాసిన పొడవు

ఆయన్ని అందరూ చదునాయన అంటారు. పాలు పోసేవాడి దగ్గర్నుంచి హెడ్డాఫీసు గుమాస్తా దాకా అదే పిలుపు. కాగితం మీద హోదా వేరే ఉంది, "నేల పర్యవేక్షణ సహాయకుడు, రెండో శ్రేణి" అని. అదంతా పలికేలోపు మనిషి సైకిలెక్కి వెళ్ళిపోతాడు గనక ఎవరూ వాడరు. ఆయన పని నేలని చదునుగా ఉంచడం. అంటే దున్నడమూ రోలరు తోలడమూ కాదు. అక్కడ నేల ఎలాగూ చదునే, మంచం మీద దుప్పటి సర్ది పరిచినట్టు కనుచూపు మేరా ఒకటే మట్టం. దాని మీద ఏదీ లేచి నిలబడకుండా చూసుకోవడమే ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగం కూడా ఉంటుందా అని మీరు అడగొచ్చు. ఇరవై ఏళ్ళుగా ఉంది, పైగా సెలవులు తక్కువ.

ఆ మైదానం నడిమధ్యలో ఒక గొయ్యి, గొయ్యిలో ఒక గది, గదిలో లైడార్ అనే యంత్రం ఉన్నాయి. గది కప్పుకి ఉన్న అద్దంలోంచి అది ఆకాశంలోకి లేజరు వెలుగు వదులుతుంది. ఆ వెలుగు గాల్లోని దుమ్ముకీ పొగకీ తగిలి పిసరంత వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి, దుమ్ము ఎంత ఎత్తు దాకా ఉందో యంత్రం లెక్క కడుతుంది. ఎందుకంటే నేలని ఆనుకుని ఉన్న గాలికి ఒక మూత ఉంటుంది. మన దుమ్ము, మన పొగ, మన వంటింటి ఘాటు అన్నీ ఆ మూత కిందే ఉంటాయి. దాని పైన గాలి శుభ్రంగా, మనతో సంబంధం లేనట్టు ఉంటుంది. పొద్దున్నే మూత కిందికి దిగి ఉంటుంది. ఎండెక్కేకొద్దీ నేల వేడెక్కి, మరిగే గిన్నె మీద మూతలా అదీ లేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి కిలోమీటరున్నర పైకి పోతుంది. సాయంత్రం మళ్ళీ చతికిలబడుతుంది. రోజూ ఇదే తంతు.

ఈ తంతు నికార్సుగా తెలియాలంటే నేల చదునుగా ఉండాలి. కొండో, ఊరో, తోపో అడ్డం ఉంటే గాలి తట్టుకుని తూలుతుంది, అప్పుడు మూత ఎండ వల్ల లేచిందో అడ్డం వల్ల లేచిందో తేలదు. అందుకని హెడ్డాఫీసువాళ్ళు ఒక నియమం పెట్టారు. యంత్రం చుట్టూ రెండు కిలోమీటర్ల మేర మీటరుకి మించిన ఎత్తు ఏదీ ఉండరాదు. నియమం పెట్టాక, దాన్ని కాపాడే మనిషి ఎక్కడ కాపురం ఉంటాడని ఎవరో అడిగారట. బాగా ఆలోచించి, ఇల్లు కూడా గోతిలోనే కట్టారు. పన్నెండు మెట్లు దిగితే గుమ్మం వస్తుంది. పైకప్పు నేలమట్టానికి తొంభై అయిదు సెంటీమీటర్లు లేచి ఉంటుంది. కిటికీలోంచి చూస్తే బయట నడిచేవాళ్ళ చీలమండలు కనిపిస్తాయి. నడిచేవాళ్ళు లేరు గనక చాలారోజులు అవీ కనిపించవు.

ఈ ఉద్యోగానికి చదునాయన పుట్టుకతోనే తయారై వచ్చాడని చెప్పాలి. వాళ్ళ నాన్న బండలు పరిచే మేస్త్రీ. పిల్లలకి బొమ్మలిచ్చినట్టు కొడుక్కి రసమట్టం ఇచ్చాడు. ఆ గాజుగొట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఆ పిల్లాడు అన్నం ముట్టేవాడు కాదట, కంచం కింద పీట వాలుగా ఉందని. ఇంటర్వ్యూలో అడిగినవాటిలో సగానికి జవాబు చెప్పలేకపోయాడు. వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ వంగి, పెద్దల ముందున్న బల్ల కాలి కింద ఒక కాగితం మడత దోపాడు. బల్ల ఊగడం ఆగింది. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. ఆ మడత తన సర్టిఫికెట్టే అని ఇంటికెళ్ళాక తెలిసింది.

పొద్దున ఆరింటికి లేచి ముందు యంత్రం అద్దం తుడుస్తాడు, మెత్తటి గుడ్డతో, ఒకే దిక్కుగా. ఆ అద్దం మీద పిట్ట రెట్ట వేస్తే హెడ్డాఫీసులో మబ్బు పట్టిందనుకుంటారు. తర్వాత సైకిలెక్కి మైదానం చుట్టొస్తాడు. చీమలపుట్ట లేచిందా, గడ్డి పెరిగిందా, ఎవరైనా ఇసుక కుప్ప పోశారా అని చూస్తాడు. కనబడింది కనబడినట్టు రిజిస్టరులో ఎక్కిస్తాడు. రిజిస్టరులో నాలుగే గళ్ళు: ఏమిటి, ఎత్తు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. ఒకసారి మైదానంలోకి ఆవు వచ్చింది. ఆవు మీటరుకి మించే ఉంటుంది. ఏం చెయ్యాలో తెలియక హెడ్డాఫీసుకి రాస్తే, తాత్కాలిక అడ్డంకులను వేళతో సహా నమోదు చేయవలెను అని జవాబొచ్చింది. ఆనాటి నుంచి రిజిస్టరులో "ఆవు, 1 మీ. 35, పదీ ఇరవై నుంచి పదీ నలభై అయిదు వరకు" లాంటివి చేరాయి. మర్నాడు ఆయనకి ఇంకో సందేహం వచ్చింది, తన ఎత్తు మీటరూ అరవై ఎనిమిది కదా అని. నిజాయితీపరుడికి వచ్చే రోగాల్లో ఇదొకటి. అప్పట్నుంచి ప్రతి రోజూ మొదటి వరసలో "నేను" అని రాసి, సైకిలెక్కిన వేళా దిగిన వేళా వేస్తున్నాడు. ఇరవై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదు. ఆయనకి ఉన్న గర్వమంతా అదే.

ఇక ఆయన భార్య సంగతి. ఆవిడ పెరిగింది మూడంతస్తుల మేడలో, పై వాటాలో. పెళ్ళయ్యాక కింది వాటాకి దిగింది, ఆయనకి ఈ ఉద్యోగం వచ్చాక ఏకంగా నేలలోకి దిగింది. గొయ్యి గురించి ఆవిడ పెద్దగా సణగలేదు. సణిగిందల్లా ఒక్కదాని గురించే.

"బయటికొస్తే కళ్ళు ఆనడానికి ఒక్కటి లేదండీ," అనేది. "చూపు పోతూనే ఉంటుంది, ఎక్కడా తగలదు. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

రెండో ఏడాది, మెట్ల మీద కూచుని తిన్న జామపండు గింజ ఒకటి మెట్ల పక్కనే మొలిచింది. ఆవిడ దానికి గిన్నెలు కడిగిన నీళ్ళు పోసింది. అది చెప్పినమాట వినే పిల్లలా చకచకా పెరిగింది. చదునాయన రోజూ టేపు పెట్టి కొలిచి రాసేవాడు. అరవై, డెబ్భై ఎనిమిది, తొంభై ఒకటి. తొంభై ఎనిమిది అయిన రోజున రంపం తెచ్చాడు. ఆవిడ చేతిలో పని వదిలేసి వచ్చింది. చెట్టు ముందు మెట్టు మీద కూచుంది, అంతే. మూడు రోజులు కూచుంది. మూడు రోజులూ ఆయనకి చల్లన్నమూ మౌనమూ తప్ప ఇంకేమీ దొరకలేదు.

మూడో రోజు సాయంత్రం ఆయన నియమాల పుస్తకం మళ్ళీ చదివాడు. ఎత్తు అని ఉంది. ఎత్తు తప్ప ఇంకేమీ లేదు. వెంటనే ఒక మేకు పాతి, గోనెతాడుతో ఆ జామమొక్కని మెల్లగా వంచి, నేలబారుగా పడుకోబెట్టి కట్టేశాడు.

"ఎన్నాళ్ళిలా?" అంది ఆవిడ.

"మూడేళ్ళే. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళే పొడిగించారు. అవగానే విప్పేద్దాం. నీ చెట్టు నిలబడుతుంది, నాదీ పూచీ."

మూడేళ్ళయ్యాక ఇంకో మూడేళ్ళు పొడిగించారు. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు. ఈ మాట ఆరుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆరోసారి చెప్పేటప్పుడు ఆయన ఆవిడ మొహంకేసి చూడలేదు, టేపు చుట్టుకుంటూ చెప్పాడు. పద్దెనిమిదేళ్ళలో ఆ చెట్టు నేల మీద పాక్కుంటూ పాక్కుంటూ ఏడు మీటర్లు పోయింది. కాండం తొడంత లావయింది. ఎక్కడా తొంభై దాటలేదు. వంచిన కొమ్మకి కాపెక్కువ అంటారు గదా జామతోటలవాళ్ళు, అది విరగకాసింది. పళ్ళు కోయడానికి నిచ్చెన అక్కర్లేదు, నడుం వంచితే చాలు. కానీ నిలువునా పైకి పోవాలనుకునే చిగుళ్ళు వస్తూనే ఉండేవి. వాటిని ప్రతి ఆదివారం ఆవిడే కత్తెరతో తుంచేది. ఆ వేళకి చదునాయనకి మైదానం అవతలి అంచున ఏదో పని తగిలేది. ఇంట్లో ఉండి ఆ కత్తెర చప్పుడు వినలేకపోయేవాడు.

ఆయన రోజూ భోజనానికి వచ్చి మూత సంగతి చెప్పేవాడు. ఒకరోజు మంచి ఎండ కాసింది.

"ఇవాళ మూత పదిహేను వందల మీటర్లు లేచింది తెలుసా!"

"లేస్తుంది," అంది ఆవిడ కంచం పెడుతూ. "గాలి లేవొచ్చు, దుమ్ము లేవొచ్చు. నా చెట్టొక్కటే లేవకూడదు."

పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్న తగువు అదొక్కటే, అది ఎప్పుడూ అంతకంటే గట్టిగా వినబడలేదు.

తనిఖీకి ఏటా ఒక అధికారి మీటరు కర్ర పట్టుకుని వస్తాడు. ఆయన పేరు కొలబద్ద సారు. మొదటిసారి ఆ చెట్టుని చూసినప్పుడు కొలబద్ద సారు దాని చుట్టూ ఏడెనిమిదిసార్లు తిరిగాడు. కర్ర నిలబెట్టి చూశాడు, పడుకోబెట్టి చూశాడు. ఎత్తుకి తప్పు లేదు. పొడవు గురించి నియమం లేదు. పైవాళ్ళకి రాశాడు. పద్నాలుగు నెలల తర్వాత "పొడవునకు అభ్యంతరము లేదు" అని ఒక వాక్యం వచ్చింది. కొలబద్ద సారు దాన్ని చదివి వినిపించి, ఓ సంచీడు పళ్ళు పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత కాపు ఉన్న రోజుల్లో ఏడాదికి రెండుసార్లు తనిఖీ జరిగేది.

ఇలా సాగిపోతుండగా ఆ ఏడు హెడ్డాఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందట. మందులిచ్చే డాక్టరు కాదు, గాలిని చదివిన డాక్టరు. ఆవిడ చేయబోయే పరిశోధన ఏమిటంటే, అంతా చదునుగా ఉన్న నేల మీద ఒకే ఒక్క చెట్టు నిలబడి ఉంటే దాని మీదుగా పోయే గాలి ఏమవుతుంది అని. లైడార్ తల పక్కకి వంచి, చెట్టు వెనక గాలిని వరసలు వరసలుగా చూస్తుందట. అందుకు కనీసం ఆరు మీటర్ల చెట్టు కావాలి. హెడ్డాఫీసు గుమాస్తా రిజిస్టర్లు తిరగేస్తే అందులో "జామచెట్టు, ఒకటి" అని దొరికింది. ఇంకేం, ఉత్తర్వు కొట్టేశారు. "మీ ఆవరణలోని చెట్టును ముప్పది దినములలోగా నిలువుగా ఉంచవలెను. వీలుకానిచో క్రేను పంపబడును."

పద్దెనిమిదేళ్ళు లేవొద్దన్నవాళ్ళు ఇప్పుడు నెల రోజుల్లో లేచి నిలబడమన్నారు. పైవాళ్ళకి మతిమరుపు ఒక వరం.

చదునాయనకి మాత్రం ఒక్క క్షణం సంతోషమే కలిగింది. పరుగున వెళ్ళి తాళ్ళన్నీ కోసేశాడు. ఇద్దరూ మెట్ల మీద కూచుని చూశారు. చెట్టు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. వారం రోజులు అలాగే పడుకుని ఉంది, తాళ్ళున్నాయో లేవో దానికి పట్టినట్టే లేదు. పదో రోజున ఆయన కాండం కింద భుజం పెట్టి ఎత్తబోయాడు. మొదలు దగ్గర కిర్రుమని చప్పుడయింది. ఆవిడ ఒక్క ఉదుటున వచ్చి చెట్టు మీద కూచుంది.

"వేళ్ళు తెగుతాయి! క్రేను పెట్టి లేపితే చచ్చిపోతుందండీ ఇది."

"ఉత్తర్వే."

"పద్దెనిమిదేళ్ళు పడుకోబెట్టింది మీరు. ఇప్పుడు లేవమంటే లేస్తుందా? దాన్ని నిలబెడతానని నాకు మాటిచ్చారు, చంపుతానని కాదు."

ఉత్తర్వుతో పాటు ఒక ఫారం వచ్చింది. ఏమిటి, ఎత్తు, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు. చెట్టు ఆరు మీటర్లకి పైన ఉందని ఆ ఫారం వెళితే క్రేను రాదు. ఆయన టేపు తీసుకుని చెట్టు మొదలు నుంచి కొస దాకా నేల మీద పరిచాడు. ఏడు మీటర్ల పది. బల్ల దగ్గర కూచుని కలం పట్టుకున్నాడు, గంటసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఇది పొడవు. గడి ఎత్తుది."

ఆవిడ టేపు చూసింది, ఫారం చూసింది. "మా అక్క పిల్లాడు పుట్టినప్పుడు ఆస్పత్రిలో నర్సు వాణ్ణి ఎలా కొలిచింది?"

"పడుకోబెట్టి."

"కాగితం మీద ఏమని రాసింది?"

ఆయనకి గుర్తుంది. ఎత్తు, నలభై తొమ్మిది సెంటీమీటర్లు అని రాసింది. ఎవరూ ఆ నర్సు ఉద్యోగం ఊడపీకలేదు. ఎత్తు గడిలో 7 మీ. 10 అని రాసి, దిమ్మెరపోయి కూచున్నాడు. నర్సు సంగతి నర్సుది, ఇది అబద్ధమని ఆయనకి తెలుసు.

ఒక అబద్ధంతో పోతే బాగుండేది. వారం తిరక్కుండానే చెట్టు ఫోటో పంపమన్నారు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆలోచించి ఆలోచించి కెమెరాని పక్కకి తిప్పి తీశాడు. ఫోటోని నిలబెట్టి చూస్తే చెట్టు దివ్యంగా నిలబడి ఉంది. నేల మాత్రం గోడలా ఒక పక్కన లేచింది. ఆ అంచు కత్తిరించేశాడు. తన తెలివికి తనకే సిగ్గేసి, కవరు అంటించి పంపేశాడు.

మర్నాటి నుంచి లైడార్ తల వంచి పని మొదలుపెట్టింది. నెల తిరగ్గానే మెమో వచ్చింది. లేజరు వెలుగు చెట్టుకి తగలాల్సిన చోట తగలకుండా, అక్కడ ఏమీ లేనట్టు దూసుకుపోతోందనీ, అద్దం సరిగా తుడవడం లేదనీ, సంజాయిషీ ఇవ్వమనీ. చదునాయన అద్దాన్ని రోజుకి నాలుగుసార్లు తుడిచాడు. ఇంత శుభ్రంగా తుడిచిన అద్దం ప్రపంచంలో ఇంకోటి ఉండదు. వెలుగు మాత్రం దూసుకుపోతూనే ఉంది. చివరికి హెడ్డాఫీసులో ఎవరో పెద్దమనిషి, ఆ చెట్టు ఆకులు బాగా పల్చన అయ్యుంటాయని తేల్చాడు. అందరూ ఒప్పుకున్నారు.

నాలుగు నెలలకి ఫలితం వచ్చింది. దానికో కాపీ చదునాయనకి కూడా పంపారు, సహకారానికి ధన్యవాదాలతో. చదునైన నేల మీద ఒంటరి చెట్టు వల్ల గాలికి గాని, మూతకి గాని ఏ మార్పూ లేదు. ఇది అద్భుతమైన కొత్త విషయమట.

ఆయన మెట్ల మీద కూచుని ఆవిడకి చదివి వినిపించాడు. ఆవిడ చేతిలో కత్తెర ఉంది, ఆదివారం గనక. కత్తెర పక్కన పెట్టింది.

"ఏ మార్పూ లేదా?"

"లేదట."

"అయితే ఇన్నాళ్ళూ ఇది ఎందుకు పడుకున్నట్టు?"

ఆయన నేలచూపులు చూశాడు. "అది పడుకున్నందుకే మార్పు లేదు. నీకూ తెలుసుగా. మన అబద్ధం మీద తేలిన మాట ఇది."

"పడుకోబెట్టింది మాత్రం ఏ నిజం మీదండీ? ఎవరైనా కొలిచి చూసి పడుకోబెట్టారా?" ఆవిడ కత్తెరని ఇంకా దూరంగా నెట్టింది. "ఎన్ని చిగుళ్ళు తుంచానో మీకు తెలీదు. మీరు ఎప్పుడూ సైకిలేసుకుని పోయేవారు."

తెలుసు. తెలిసే పోయేవాడు. ఆయన ఆవిడ పక్కకి జరిగి కూచున్నాడు. ఆ ఆదివారం చిగుళ్ళు తుంచలేదు. తర్వాతి ఆదివారమూ తుంచలేదు.

మూడో వారం రిజిస్టరులో కొత్త వరస పడింది. "ఒక మనిషి, 1 మీ. 57, పదీ నలభై నుంచి." డాక్టరమ్మే స్వయంగా వస్తోంది. జీపుని రెండు కిలోమీటర్ల అవతల ఆపి, నడిచి వస్తోంది. ఆ మైదానంలో వచ్చేవాళ్ళు అరగంట ముందునుంచే కనిపిస్తారు. భయపడడానికి అరగంట చాలా ఎక్కువ. చదునాయన మెట్ల పైన నిలబడి ఆవిడ రావడం చూస్తూ, ఇరవై ఏళ్ళ ఉద్యోగాన్ని మనసులోనే మడిచి పెట్టె సర్దేసుకున్నాడు.

డాక్టరమ్మ చేతిలో ఆ ఫోటో ఉంది. పలకరింపు కూడా లేకుండా ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"దీన్ని నా పరిశోధన పుస్తకం అట్ట మీద వెయ్యాలని పెద్దది చేయించాను. ఇదిగో, ఈ మూల చూడండి. ఈవిడెవరు?"

ఆయన చూశాడు. ఫోటో తీసేటప్పుడు ఆయన కళ్ళన్నీ చెట్టు మీదే ఉన్నాయి. ఫోటో అంచున, నిలబడ్డ చెట్టు కొస పక్కనే, చేతిలో జామపండ్ల గిన్నెతో ఆయన భార్య ఏడు మీటర్ల ఎత్తున గాల్లో అడ్డంగా పడుకుని, కెమెరాకేసి నవ్వుతోంది. గిన్నె కూడా పక్కకి వాలి ఉంది, ఒక్క పండు కింద పడలేదు.

"మా ఆవిడండీ," అన్నాడు నీరుగారిపోయి.

"ఆవిడకి ఇది రోజూ అలవాటేనా?"

ఆయన ఇంక నిలదొక్కుకోలేకపోయాడు. మెట్ల పక్కకి తీసుకెళ్ళి చెట్టుని చూపించేశాడు. మొదటి తొంభై ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర్నుంచి, గోనెతాడు, ఆరు పొడిగింపులు, క్రేను, నర్సు, కెమెరా, ఏదీ దాచలేదు. "రిజిస్టరులో అంతా నిజమేనమ్మా. ఆ ఫారం ఒక్కటే అబద్ధం. నా చేత్తోనే రాశాను. ఏ శిక్షయినా వెయ్యండి. చెట్టు జోలికి మాత్రం వెళ్ళకండి, అది మా ఆవిడది."

డాక్టరమ్మ మెల్లగా వెళ్ళి ఆ కాండం మీద కూచుంది. లోపల గిన్నెలు కడుగుతున్న చదునాయన భార్య మెట్లెక్కి పైకి వచ్చి, ఏమీ అడక్కుండా ఒక పండు కోసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి తిప్పి చూస్తూ ఉంది. మొహం ఎర్రబడింది. కోపమో ఏడుపో తెలియదు, రెండూ ఉండే ఉంటాయి. అచ్చుకి వెళ్ళాల్సిన పరిశోధన ఆవిడది.

"ఆకులు పల్చన అన్నారు మా పెద్దాయన," అంది చివరికి. "నేను తలూపాను. చెట్టుని వచ్చి చూడాలని నాకెందుకు తోచలేదు? నాలుగు నెలలు వెలుగుని నమ్మలేదు, కాగితాన్ని నమ్మాను. యంత్రం మొదటి నెలలోనే చెప్పింది, అక్కడేం లేదని."

"యంత్రం తప్పు లేదండి. అద్దం కూడా శుభ్రంగానే ఉంది," అన్నాడు చదునాయన. ఆ ఒక్క మాట రికార్డులో ఉండాలని ఆయన కోరిక.

దానికి డాక్టరమ్మకి నవ్వొచ్చేసింది. పండు కొరికింది. సగం తిన్నాక నమలడం ఆపింది. సంచీలోంచి పుస్తకం తీసి గబగబా ఏదో రాసుకుంది.

"చెట్టు పడుకుని ఉంటే గాలికి ఏ మార్పూ లేదు. ఇది నిజమే కదా! నాలుగు నెలల కొలతలు, ఇంత శుభ్రమైన అద్దంతో! ఇదే చెట్టు, ఇదే చోట, లేచి నిలబడ్డాక ఏమవుతుందో కొలిస్తే..." కాండం మీద వేలెడు లేచిన చిగుళ్ళని చూసింది. మూడు వారాలుగా తుంచనివి, వరసగా, నిటారుగా ఉన్నాయి. "ఇవి పైకి పోతాయా?"

"వదిలేస్తే పోతాయి," అంది చదునాయన భార్య. "ఇన్నాళ్ళూ వదల్లేదు."

"మీ పేరు మీదే ఫారం సరిదిద్దుదాం," అని డాక్టరమ్మ ఆయనతో అంది. "ఎత్తు తొంభై, పొడవు ఏడూ పది. పొడవుకి గడి నేను గీయిస్తాను. క్రేను వద్దని నేనే రాస్తాను. అయితే అమ్మా, ఇవి ఆరు మీటర్లు అవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆవిడ భర్త వైపు ఒకసారి చూసింది. చదునాయన టేపు చుట్టుకోలేదు ఈసారి, ఆవిడ కళ్ళల్లోకే చూశాడు.

"మూడేళ్ళే," అంది ఆవిడ.

సంజాయిషీ అడుగుతూ హెడ్డాఫీసు నుంచి రెండు మెమోలు వచ్చాయి, మందలింపు ఒకటి వచ్చింది. దాన్ని చదునాయన రిజిస్టరు మొదటి పేజీకి తనే అంటించుకున్నాడు. కొలబద్ద సారు వచ్చి, మీటరు కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక చెట్టు కిందే కాసేపు కూచుని పళ్ళు తిని వెళ్ళాడు. ఆదివారాలు కత్తెర చప్పుడు లేదు గనక చదునాయనకి మైదానం అవతల పని కూడా లేకుండా పోయింది.

ఒకరోజు పొద్దున ఆరింటికి అద్దం తుడిచి, టేపు పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు. నడిమి చిగురు అన్నింటికంటే చురుగ్గా ఉంది. నేల దగ్గర టేపు కొస బొటనవేలితో తొక్కిపట్టి పైకి లాగాడు. రెండుసార్లు చూసుకున్నాడు. భార్యని పిలిచి చూపించాడు. ఆవిడ వంగి చూడబోయి, వంగక్కర్లేదని గుర్తొచ్చి, నిలబడే చూసింది. కళ్ళకి కొంగు పెట్టుకుంది.

ఆయన రిజిస్టరు తెరిచాడు. మొదటి వరసలో ఎప్పటిలాగే "నేను" అని రాశాడు. రెండో వరసలో జామచెట్టు. ఎత్తు, ఒక మీటరు ఒక సెంటీమీటరు. ఎప్పటి నుంచి అన్నచోట, ఉదయం ఆరూ పది. ఎప్పటి వరకు అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇరవై ఏళ్ళలో ఏ గడీ ఖాళీగా వదలని మనిషి, ఆ గడిని అలాగే వదిలేసి పుస్తకం మూసేశాడు.